పంగిడి గుట్టల్లో లావా ఎక్కడిది?

గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టినవాళ్ళకు పంగిడి, గౌరీపట్నం పేర్లు కొత్త కాదు. స్లాబుకు కంకర కావాలన్నా, రోడ్డుకు మెటల్ కావాలన్నా టిప్పర్లు అటువైపే పోతాయి. కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు వెళ్తుంటే రోడ్డుకు ఇటూ అటూ క్వారీలు, క్రషర్లు, చెట్ల ఆకుల మీద పేరుకున్న బూడిదరంగు దుమ్ము కనిపిస్తాయి. తవ్వి తవ్వి కొన్నిచోట్ల గుట్ట పోయి గొయ్యి మిగిలింది.

అక్కడి రాయి ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. నల్లగా, సైజుకు మించిన బరువుతో ఉంటుంది. గ్రానైటులో కనబడే తెలుపు, గులాబీ, నలుపు పలుకులు ఇందులో కంటికి ఆనవు. అంతా ఒకటే నలుపు. కొన్ని ముక్కల్లో మాత్రం చిన్న చిన్న బొరియలు, వాటిలో కొన్నింటి నిండా తెల్లటి స్ఫటికాలు ఉంటాయి. ఆ బొరియలు ఒకప్పటి బుడగలు. కరిగిన రాయిలోంచి వాయువులు పైకి తప్పించుకోబోయాయి. ఈలోపే రాయి గడ్డకట్టింది, బుడగలు ఉన్నచోటే ఇరుక్కుపోయాయి. ఖాళీ గదుల్లోకి తర్వాతెప్పుడో నీళ్ళు చేరి, వాటిలోని ఖనిజాలు తెల్లగా పేరుకున్నాయి. అంటే ఈ రాయి లావా. వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళ స్లాబుల్లో ఉన్నది అదే.

మరి అగ్నిపర్వతం ఏది?

రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఎంత వెతికినా అగ్నిపర్వత బిలం దొరకదు. ఈ లావా కూడా పెద్దగా పరుచుకొని లేదు. గోదావరికి పడమట పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు ఒక పట్టీ, తూర్పు గట్టున కాతేరు దగ్గర మరికొంత ఉందంతే. ఆ తర్వాత అది డెల్టా మట్టి కిందికి దిగిపోతుంది. చమురు కోసం ఓఎన్‌జీసీ తవ్విన లోతైన బావుల్లో మళ్ళీ తగిలింది. అక్కడ ఆ పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కోనసీమ వాళ్ళకు బాగా తెలిసిందే: రాజోలు. ఇదే రకం రాయి భూమ్మీద పరుచుకొని ఉన్న తర్వాతి చోటు వాయవ్యంగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో అంతా వేరే రాళ్ళు.

క్వారీ గోడ చెప్పే వరస

నిలువుగా కోసిన క్వారీ గోడలో కింద నల్లటి లావా పొర కనిపిస్తుంది. దాని మీద కొన్ని మీటర్ల మందాన లేతరంగు సున్నపురాయి, బంకమట్టి. ఆ పైన మళ్ళీ నల్ల లావా. అన్నిటికీ పైన ఎర్రటి ఇసుకరాయి.

మధ్యలో ఉన్న లేతరంగు పొరలో గుల్లలు ఉన్నాయి. ఆల్చిప్పలు, నాచుజాతి మొక్కల ఆనవాళ్ళు, సూక్ష్మదర్శినిలో తప్ప కనబడని సముద్రజీవుల పెంకులు కూడా దొరుకుతాయి. కాతేరు గుల్లల గురించి 19వ శతాబ్దంలోనే రాతలున్నాయి. దుద్దుకూరు దగ్గర లావా అడుగున కూడా మెలితిరిగిన పొడవాటి సముద్రపు గుల్లలు దొరికాయి. అంటే సముద్రపు ఒడ్డుకు లావా వచ్చింది. అది చల్లారాక దాని మీదికి ఉప్పునీళ్ళు చేరి, జీవులు పుట్టి పెరిగి చచ్చి అడుగున పేరుకున్నాయి. అదంతా అయ్యాక మళ్ళీ లావా వచ్చింది. రెండు రాకల మధ్య ఎడం ఏళ్ళలో కొలిచేది కాదు, వేల తరాల్లో కొలవాలి.

ఒకే గోడలో రెండు లావాలు, మధ్యలో కాలాన్ని లెక్కించే గుల్లలు. ఇలాంటి చోటు ప్రపంచంలో అరుదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల్లోని సూక్ష్మజీవుల పెంకులను, ఓఎన్‌జీసీ బావుల్లోంచి తీసిన రాతి నమూనాలను ఏళ్ళ తరబడి పరిశీలించింది. మన కంకర క్వారీలు డైనోసార్ల అంతం గురించిన అంతర్జాతీయ వాదానికి సాక్ష్యమయ్యాయి. ఆ సంగతికి తర్వాత వద్దాం.

రాయి కరగాలంటే వేడి పెరగనక్కర్లేదు

అగ్నిపర్వతం అనగానే మన ఊహలో భూమి లోపలంతా కుతకుత ఉడుకుతున్న ద్రవం, దాని మీద పల్చటి పెంకు ఉంటాయి. సినిమాలు, చిన్నప్పటి పాఠ్యపుస్తకాల బొమ్మలు దాన్ని గట్టిగా నాటేశాయి. నిజానికి మన కాళ్ళ కింద 30, 40 కిలోమీటర్ల పైపొర దాటాక మొదలయ్యే మాంటిల్ దాదాపు అంతా ఘనపదార్థమే. అది 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉంటుంది. భూకంప తరంగాల్లో ఒక రకం ద్రవాల్లోంచి అసలు పోలేదు, కానీ మాంటిల్‌లోంచి హాయిగా పోతుంది. ఘనపదార్థమే అనడానికి అదే రుజువు.

ఆ రాయి విపరీతమైన వేడిలో ఉంది. అయినా కరగదు, కారణం ఒత్తిడి. పైన ఉన్న వందల కిలోమీటర్ల రాతి బరువు దాన్ని అదిమిపెట్టి ఉంచుతుంది. ద్రవంగా మారాలంటే రాయి కాస్త వ్యాకోచించాలి, అందుకు చోటు లేదు. ఎంత లోతుకు పోతే కరిగే ఉష్ణోగ్రత అంత పెరుగుతుంది.

ఇప్పుడు ఆ వేడి రాయి, ఘనంగా ఉంటూనే, ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన పైకి జరుగుతోందనుకోండి. చుట్టుపక్కల రాతికన్నా కొంచెం వేడిగా, తేలిగ్గా ఉంటే అలా జరుగుతుంది. పైకి వచ్చేకొద్దీ మీది బరువు తగ్గుతుంది. రాయి వేడి పెద్దగా తగ్గలేదు, కరగడానికి కావలసిన వేడి మాత్రం తగ్గిపోయింది. ఒక లోతు దగ్గర ఆ రెండూ కలుస్తాయి. అక్కణ్ణుంచి రాయి కరగడం మొదలవుతుంది. మంట అదనంగా ఎవరూ పెట్టలేదు, బరువు తీసేశారంతే. అదీ మొత్తంగా కరగదు, నూటికి కొన్ని పాళ్ళు మాత్రమే. ఆ కొద్ది ద్రవం తేలిక కాబట్టి రాతి పలుకుల సందుల్లోంచి పైకి ఊరి, ఒకచోట చేరుతుంది. భూమి లోపల ఉన్నంతసేపు దాన్ని శిలాద్రవం అంటాం. బయటికి వస్తే లావా.

రాయిని కరిగించే రెండో దారి నీళ్ళు. సముద్రపు అడుగు పలక ఒకటి పక్క పలక కిందికి జారినప్పుడు, తనతో పాటు ఖనిజాల్లో బంధించి ఉన్న నీటిని లోతుకు తీసుకుపోతుంది. లోపలి వేడికి ఆ నీరు బయటపడి పైనున్న మాంటిల్‌లోకి ఇంకుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. సుమత్రా, జావా, అండమాన్ అగ్నిపర్వతాలన్నీ ఈ దారిలో పుట్టినవే. పంగిడి లావా మొదటి దారిది.

భారతదేశం దక్షిణార్ధగోళంలో ఉన్నప్పుడు

6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట మన భూభాగం ఇక్కడ లేదు. భూమధ్యరేఖకు కింద, హిందూ మహాసముద్రం నడుమ ఉండి, ఏడాదికి 15 సెంటీమీటర్లకు తక్కువ కాని వేగంతో ఉత్తరానికి జరుగుతోంది. భూఖండాల లెక్కలో అది పరుగే. ఇప్పుడు జరుగుతున్నది అందులో మూడో వంతు. హిమాలయాలు ఇంకా పుట్టలేదు.

అలా జరుగుతూ జరుగుతూ మాంటిల్ లోతుల్లోంచి వేడి రాయి పైకి పొంగుతున్న ఒక చోటు మీదికి వచ్చింది. పశ్చిమాన, ఇప్పటి మహారాష్ట్ర, గుజరాత్ ప్రాంతంలో నేల పొడవాటి పగుళ్ళుగా విచ్చుకుంది. కొండ శిఖరం మీద గొయ్యి, అందులోంచి నిప్పు, ఆ బొమ్మను ఇక్కడ మరిచిపోవాలి. కిలోమీటర్ల పొడవునా నేల చీలి, ఆ చీలిక పొడవునా లావా ఊరింది. ఒకసారి కాదు, మధ్యమధ్య ఆగుతూ, పది లక్షల ఏళ్ళకు అటూ ఇటుగా. పొర మీద పొర పడి పశ్చిమ కనుమల్లో రెండు కిలోమీటర్లకు మించిన మందం ఏర్పడింది. మహాబలేశ్వరం, పంచగని కొండలకు వెళ్ళినవాళ్ళు ఆ కొండలు మెట్లు మెట్లుగా ఉండడం చూసే ఉంటారు. ఒక్కో మెట్టు ఒక్కో ప్రవాహం. కోతకు గురైంది పోను ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లు మిగిలింది. దాన్నే దక్కన్ ట్రాప్స్ అంటున్నారు.

దేశం పొంగు మీదుగా దాటిపోయింది, పొంగు మాత్రం ఉన్నచోటే ఉంది. దాని మీదుగా సముద్రపు అడుగు జరుగుతూ పోతుంటే వరసగా మచ్చలు పడ్డాయి. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ దీవులు నిలబడ్డది ఆ వరస మీదే. తర్వాత మారిషస్, అన్నిటికన్నా చివర రీయూనియన్. అక్కడ పితోన్ ద లా ఫుర్నేజ్ అనే అగ్నిపర్వతం ఇప్పటికీ తరచూ లావా కక్కుతోంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కిన తెలుగువాళ్ళు మారిషస్‌లో దిగి నల్లరాళ్ళు ఏరి పొలాలు చేశారు. ఆ రాళ్ళకూ పంగిడి రాళ్ళకూ పుట్టిల్లు ఒకటే. అయినా వాళ్ళు దాటిన సముద్రం పంగిడి రాళ్ళు పుట్టిననాటికి ఆ రూపంలో లేనే లేదు.

పారేదీ పేలేదీ

అన్ని లావాలూ ఇలా పారవు. ఆ తేడా ఎందుకో అరిసెలు వండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. బెల్లం పాకం లేతగా ఉన్నప్పుడు బుడగలు తేలిగ్గా పైకొచ్చి చిట్లిపోతాయి. పాకం ముదిరేకొద్దీ అదే బుడగ పైకి రావడానికి తంటాలు పడుతుంది, లోపలే ఉబ్బుతుంది, చివరికి టప్పున పగిలి చుట్టూ చిందుతుంది. బాణలి దగ్గర ఉన్నవాళ్ళు వెనక్కి జరిగేది అప్పుడే. పొయ్యి అదే, బెల్లం అదే, మారింది చిక్కదనం ఒక్కటే.

శిలాద్రవంలో పాకాన్ని ముదిర్చేది సిలికా, అంటే ఇసుకలో ప్రధానంగా ఉండే పదార్థం. సిలికా అణువులు ఒకదానికొకటి గొలుసులుగా, వలలుగా అల్లుకుంటాయి. ఆ అల్లిక ఎంత దట్టమైతే ద్రవం అంత బిగుసుకుంటుంది. పంగిడి రాయి బసాల్టు. అందులో సిలికా బరువులో సగం వరకే ఉంటుంది. పైగా 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికి వస్తుంది కాబట్టి బాగా పారుతుంది. సిలికా 70 శాతం దాటినది రయొలైటు. అది 700 నుంచి 850 డిగ్రీల దగ్గరే వచ్చేస్తుంది. చల్లదనం, సిలికా రెండూ కలిసి దాన్ని కదలనివ్వవు.

లోతులో నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడు, గంధకపు వాయువులు ఒత్తిడికి శిలాద్రవంలో కరిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ బుడగలవుతాయి. బసాల్టులో అవి తప్పించుకుంటాయి. రయొలైటులో దారి దొరకదు. లక్షల కోట్ల బుడగలు ఒక్కసారి ఉబ్బి, ద్రవాన్నంతా తుత్తునియలు చేసేస్తాయి. అలా పగిలిన బుడగల గోడలే అగ్నిపర్వత బూడిద. కట్టె కాలిన బూడిదకూ దానికీ పోలికే లేదు. అది పొడిపొడి అయిన గాజు.

వెయ్యి కిలోమీటర్లు చల్లారకుండా ఎలా?

పారే లావా అయినంత మాత్రాన మహారాష్ట్ర నుంచి గోదావరి ఒడ్డుకు పారుతుందా? నిజంగా నమ్మశక్యం కాని చోటు ఇదే. భూగర్భ శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం నమ్మలేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో లోతైన పగుళ్ళున్నాయి కదా, వాటిలోంచి ఇక్కడికిక్కడే లావా వచ్చి ఉంటుందని కొందరన్నారు. ఇప్పటికీ ఆ మాట అనేవాళ్ళున్నారు. నాకు మహారాష్ట్ర నుంచి పారిందనే పక్షమే బలంగా కనిపిస్తుంది. దానికి కారణాలు కింది పెట్టెలో ఉన్నాయి. ముందు లావా ప్రయాణం సంగతి చూద్దాం.

లావా వరద నీళ్ళలాగా ఒక్క ఉరుకున రాలేదు. బయటికి వచ్చిన లావా పైపొర గాలి తగిలి నిమిషాల్లోనే గట్టిపడుతుంది. రాయి వేడిని చాలా బద్ధకంగా వదులుతుంది కాబట్టి, ఆ గట్టి పెచ్చు కింద లావా వేడిగానే ఉంటుంది. వెనకనుంచి కొత్త లావా తోసుకొస్తుంటే పెచ్చు పగలకుండా మెల్లగా పైకి లేస్తుంది. అరమీటరు మందాన మొదలైన పొర వారాలూ నెలలూ గడిచేసరికి పదుల మీటర్లకు ఉబ్బుతుంది. ముందు కొసన పెచ్చు చిట్లి ఇంకో నాలుక బయటికి వస్తుంది, అదీ ఉబ్బుతుంది. లోపల మాత్రం పుట్టినచోటు నుంచి కొస దాకా వేడి లావా నడుస్తూనే ఉంటుంది. హవాయిలో ఇలా కప్పు కింద నడిచే లావా వేడిని కొలిచి చూశారు. కిలోమీటరు దూరానికి అది పోగొట్టుకున్నది ఒక్క డిగ్రీ కూడా లేదు.

ఆ లెక్కన వెయ్యి కిలోమీటర్లు అసాధ్యమేమీ కాదు. కావలసింది ఆగని సరఫరా, ఏళ్ళ తరబడి సమయం, మంచి పల్లం. స్టీఫెన్ సెల్ఫ్, మైక్ విడోసన్ తదితరులు 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం చివరి 400 కిలోమీటర్లూ లావా అప్పటి ఒక నదీలోయలో ఒదిగి వచ్చి సముద్రతీరం చేరింది. వాళ్ళ లెక్క నిజమైతే ఇవి భూమ్మీద ఇప్పటివరకు గుర్తించిన అతి పొడవైన లావా ప్రవాహాలు. ఇలాంటి ప్రవాహం ఒక్కోదాని పరిమాణం వేల ఘన కిలోమీటర్లు. అందులో వెయ్యి ఘన కిలోమీటర్లు తీసి రెండు తెలుగు రాష్ట్రాల మీద సమంగా పరిస్తే మూడున్నర మీటర్ల మందం వస్తుంది. ఒక అంతస్తు మునుగుతుంది.

> పంగిడి రాయి మహాబలేశ్వరానిదే అని ఎలా తెలిసింది?
>
> మూడు సాక్ష్యాలున్నాయి. మొదటిది రసాయన కూర్పు. లావాలో పదిలక్షల్లో కొన్ని పాళ్ళుగా ఉండే అరుదైన మూలకాలు, స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి ప్రవాహాన్ని బట్టి మారిపోతాయి. రాజమహేంద్రవరం కింది లావా పశ్చిమ కనుమల్లోని అంబేనలి పొరతో, పై లావా దాని మీది మహాబలేశ్వరం పొరతో సరిపోయాయి. వరస కూడా తప్పలేదు.
>
> రెండోది వయసు. రాతిలోని పొటాషియం నెమ్మదిగా ఆర్గాన్‌గా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే రాయి గడ్డకట్టిన కాలం తెలుస్తుంది. రెండుచోట్లా అది కలుస్తోంది.
>
> మూడోది అయస్కాంతత్వం. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుకుంటాయి. భూమి ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు లక్షల ఏళ్ళకోసారి తారుమారవుతుంటాయి. పంగిడి కింది లావాలో దిక్కు ఇప్పటికి తలకిందులుగా ఉంది, పై లావాలో ఇప్పటిలాగే ఉంది. మధ్యలో గుల్లలు పేరుకున్న కాలంలో భూమి అయస్కాంతం తిరగబడింది. పశ్చిమ కనుమల్లోనూ సరిగ్గా అదే పొరల మధ్య ఆ మార్పు కనిపిస్తుంది.

లావా కన్నా పొగే చంపింది

ఈ రకం లావాకు ఎదురుపడిన మనిషి సాధారణంగా నడిచి తప్పించుకోగలడు. ప్రమాదం దానితో పాటు వచ్చే వాయువుల్లో ఉంది. మనుషులు కళ్ళారా చూసి రాసిపెట్టిన ఉదాహరణ ఐస్‌లాండ్‌లోని లాకి. 1783 జూన్ 8న అక్కడ 27 కిలోమీటర్ల పొడవున నేల పగిలి లావా రావడం మొదలైంది, ఎనిమిది నెలలు వచ్చింది. మొత్తం దాదాపు 15 ఘన కిలోమీటర్లు. లావా నేరుగా చంపింది దాదాపు ఎవరినీ లేదు. 12 కోట్ల టన్నుల గంధక వాయువు గాలిలో కలిసింది. ఫ్లోరిన్ గడ్డి మీద పడింది. దాన్ని మేసిన గొర్రెలకూ పశువులకూ ఎముకలు, పళ్ళు వికారంగా పెరిగి మందలకు మందలు చచ్చాయి. పశువులు పోయాక తిండి పోయింది. దేశంలో అయిదో వంతుకు తగ్గకుండా జనం కరువుకు, రోగాలకు బలయ్యారు. లావా బారిన పడిన ఒక ఊరి మతగురువు యోన్ స్టీన్‌గ్రిమ్సన్ రోజువారీగా చూసిందంతా రాశాడు, ఈ సంగతుల్లో చాలా భాగం మనకు అలా అందినవే. ఆ గంధకపు పొగ యూరప్ దాకా పాకింది.

అది 15 ఘన కిలోమీటర్ల సంగతి. పంగిడి దాకా వచ్చినవి దానికి వందల రెట్లు, అలాంటివి దక్కన్‌లో ఎన్నోసార్లు. గంధక వాయువు ఆకాశంలో సన్నటి ఆమ్ల తుంపరలై సూర్యరశ్మిని వెనక్కి కొట్టి భూమిని చల్లబరుస్తుంది. అది కొన్నేళ్ళలో రాలిపోతుంది. కార్బన్ డయాక్సైడు రాలదు, వేలఏళ్ళు ఉండి భూమిని వేడెక్కిస్తుంది. చలి, తర్వాత వేడి, సముద్రంలో ఆమ్లం, మళ్ళీ చలి. జీవకోటికి కుదురుకునే వ్యవధి దొరకలేదు.

డైనోసార్లు అంతరించింది ఈ కాలంలోనే. అయితే అప్పుడే మెక్సికోలోని చిక్షులుబ్ దగ్గర సుమారు 10 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న గ్రహశకలం కూడా పడింది. 1980లో ఆల్వరెజ్ తండ్రీకొడుకులు ఇరిడియం పొరను చూపి డైనోసార్లను చంపింది ఉల్కేనన్న వాదం మొదలుపెట్టారు. దోషి ఎవరు? ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఉల్కవైపే ఉన్నారు. కెల్లర్ లాంటి వాళ్ళు దక్కన్ లావావైపు ఉన్నారు. రాజమహేంద్రవరం గుల్లల్ని ఆమె సాక్ష్యానికి పిలిచింది అందుకే. కింది లావా మీద పేరుకున్న పొరలో దొరికిన సూక్ష్మజీవులు మహావినాశనం తర్వాత తొలిగా వచ్చిన జాతులు. కాబట్టి లావా పెద్ద విడత వినాశనానికి దగ్గరగా ముగిసిందని ఆమె వాదన. 2019లో రెండు బృందాలు దక్కన్ పొరల వయసును ఇంతకుముందెన్నడూ లేనంత కచ్చితంగా కట్టి, ఒకే పత్రికలో పక్కపక్కనే ప్రచురించాయి. రెండూ ఒకదానితో ఒకటి పొసగలేదు. లావా విడతల్లో ఒకటి ఉల్కకు కాస్త ముందే వచ్చిందని ఒకరు, మొత్తంలో ముప్పావు వంతు ఉల్క పడ్డ తర్వాతే వచ్చిందని మరొకరు. ఇద్దరి గడియారాలూ మంచివే. తగువు ఇంకా నడుస్తోంది.

లావా మట్టి అయ్యాక

హైదరాబాదు నుంచి వికారాబాదు వైపు వెళ్ళేటప్పుడు చేవెళ్ళ ప్రాంతం దాటాక కిటికీలోంచి చూడండి. బండరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైటు గుట్టలు తగ్గిపోతాయి, పైభాగం చదునుగా కోసినట్టున్న మిట్టలు మొదలవుతాయి. దక్కన్ లావా తూర్పు అంచు అక్కడే. మూసీ పుట్టే అనంతగిరి లావా కొండే. దాని నెత్తిన, జహీరాబాదు మీదుగా బీదర్ దాకా, లావా లక్షల ఏళ్ళ వానలకు నాని సారం పోయి మిగిలిన ఎర్రరాయి కప్పు ఉంది. ఉత్తరాన ఆదిలాబాదు జిల్లాలోనూ ఈ లావా ఉంది.

బసాల్టు శిథిలమై పొడయితే వచ్చేది నల్లరేగడి. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము పుష్కలం. దానిలోని బంకఖనిజం తన పొరల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. అందుకే వర్షం పోయిన తర్వాత కూడా పత్తి చేను నెలల తరబడి ఆ తేమతో బతుకుతుంది. వేసవిలో అదే నేల అడుగుల లోతున నెర్రెలిస్తుంది. ఆదిలాబాదు రైతుకు మేలు చేసే ఆ గుణమే అక్కడ ఇల్లు కట్టేవాడిని ముంచుతుంది. ఏటా ఉబ్బి కుంగే నేల మీద మామూలు పునాది వేస్తే గోడలు ఏటవాలుగా పగులుతాయి. నల్లరేగడి దాటి గట్టినేల దొరికేదాకా తవ్వమని, లేదా పైల్ వేయమని ఇంజనీర్లు చెప్పేది ఇందుకే. తెలుగు నేలలో ఉన్న రేగడంతా లావాదే అనుకోకూడదు. కర్నూలు, ప్రకాశం వైపు వేరే రాళ్ళలోంచి పుట్టిన నల్లమట్టి కూడా ఉంది. కానీ గోదావరి పుట్టేది లావా మీద, మహారాష్ట్రలో చాలా దూరం నడిచేదీ లావా మీదే. అక్కడినుంచి తెచ్చిన ఒండ్రు డెల్టాలో పెద్ద వాటా. కోనసీమ కొబ్బరితోట అడుగున రెండు లావాలున్నాయి. బావిలో తగిలేంత లోతున రాయిగా ఒకటి, వేళ్ళకు తగిలే మట్టిగా ఒకటి.

జ్వాలాపురం బూడిద

రెండో రకం అగ్నిపర్వతం, ముదురు పాకం రకం, మనకు దూరంగానే ఉంది. దాని బూడిద మాత్రం వచ్చింది.

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. ఆ పేరు చూసి కథలు అల్లడం తేలిక. అల్లకుండానే చెప్పుకోవలసింది చాలా ఉంది. అక్కడ ఎర్రమట్టి మధ్యలో లేత బూడిదరంగు పొడి పొర కనిపిస్తుంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉంటూనే గరగరలాడుతుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే వంపు తిరిగిన గాజు పెళ్ళలు కనబడతాయి, పగిలిన బుడగల గోడలవి. రసాయన కూర్పు చూస్తే సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతానికి సరిపోయింది. దాదాపు 2,600 కిలోమీటర్ల దూరం. ఆకాశంలోంచి నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. మిగతాది చుట్టుపక్కల కొండలమీద పడినదాన్ని వానలు పల్లంలోకి కడిగి తెచ్చి పోగేశాయి.

తోబా 74,000 ఏళ్ళ కిందట పేలింది. రెండున్నర వేల ఘన కిలోమీటర్లకు పైగా శిలాద్రవం వెళ్ళగక్కింది. కిందున్న గది ఖాళీ అయ్యాక కొండ లోపలికి కూలి, 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి మిగిలింది. అదే ఇప్పటి తోబా సరస్సు. ఆ పేలుడు వల్ల ఏళ్ళ తరబడి చలి పట్టి మానవజాతి కొన్నివేలకు పడిపోయిందని 1990లలో ఒక వాదం బలంగా వచ్చింది.

జ్వాలాపురం దాన్ని ప్రశ్నించింది. మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్ బృందం బూడిద పొరకు కింద, పైన కూడా రాతి పనిముట్లు తవ్వి తీసింది. 2007లో ఫలితాలు ప్రచురించారు. రెండు కాలాల పనిముట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బూడిద పడకముందు రాయి చెక్కినట్టే పడిన తర్వాతా చెక్కారు. ఎముకలు దొరకలేదు కాబట్టి ఆ చెక్కినవాళ్ళు మన జాతివాళ్ళా, అంతకుముందరి మానవజాతా అన్నది తేలలేదు. ఆఫ్రికాలోని మలావి సరస్సు అడుగు మట్టిలోనూ తోబా బూడిద పైన పెద్ద చలి జాడలు కనబడలేదని 2013లో తేలింది. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోనూ పనిముట్లు చేసే తీరు ఆగిపోలేదని 2020లో మరో బృందం చూపింది. దెబ్బ తగలలేదని కాదు. అడవులు తగ్గి గడ్డినేలలు పెరిగిన ఆనవాళ్ళు భారతదేశంలో ఉన్నాయి. తట్టుకున్నారనడమే సరి.

ఇప్పుడు మనకు తగిలేది

జ్వాలాపురం గాజుపొడిని ఇప్పటి భాషలో విమానాల సమస్య అనాలి. 1982 జూన్ 24న జావాలోని గలుంగుంగ్ బూడిద మేఘంలోకి తెలియక దూరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానానికి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. గాజుపొడి ఇంజను మంటలో కరిగి, లోపలి బ్లేడ్ల మీద పూతలా అంటుకుని గాలి దారి మూసేసింది. విమానం కిందికి జారి, మేఘం దాటి, చల్లబడిన గాజు పెళుసై రాలిపోయాక ఇంజన్లు మళ్ళీ పట్టుకున్నాయి. జకార్తాలో క్షేమంగా దిగింది. బూడిద రాత్రిపూట కంటికి కనబడదు. పొడిగా ఉండడం వల్ల వాతావరణ రాడారుకూ చిక్కదు. ఆ తర్వాతే ప్రపంచాన్ని భాగాలుగా పంచుకొని అగ్నిపర్వత బూడిదను కనిపెట్టే తొమ్మిది కేంద్రాలు ఏర్పడ్డాయి. 2025 నవంబరు 23న ఇథియోపియాలో హాయిలీ గుబ్బి పేలినప్పుడు బూడిద మేఘం ఎర్రసముద్రం, అరేబియా దాటి ఉత్తర భారతం మీదికి వచ్చింది. దాన్ని వెంబడించి హెచ్చరించింది ఫ్రాన్సులోని టూలూజ్ కేంద్రం. మన విమాన సంస్థలు కొన్ని సర్వీసులు రద్దు చేశాయి.

భారతదేశంలో రగులుతున్న అగ్నిపర్వతం ఒకటే, అండమాన్‌లోని బారెన్ ద్వీపం. శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. తోబాను పుట్టించిన పలకల వరసే దీన్నీ పుట్టించింది, రకం మాత్రం చాలావరకు పారే రకం. 18వ శతాబ్దం చివర్లో లావా కక్కి, ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి, 1991లో లేచింది. అప్పటినుంచి విడతలు విడతలుగా లావా, బూడిద వదులుతూనే ఉంది. 2017లో సముద్ర పరిశోధక నౌక మీదున్న శాస్త్రవేత్తలు దాన్ని దగ్గర్నుంచి చూసి నమూనాలు తీసుకున్నారు. అక్కడ జనం లేరు, కొన్ని మేకలున్నాయి. యాత్రికులకు దీవి మీద దిగే అనుమతి లేదు, పడవలోంచి చూసి రావలసిందే.